రాజన్–నాగేంద్ర: మీ ఓటు ఏ సినిమాకి?

మా కౌతాళంలో ఇళయరాజా గురించి వాదన లేదు. చక్రవర్తి గురించీ పెద్దగా లేదు. ఎవరి అభిమానం వారిది, ఎవరి కేసెట్టు వారిది. కాని రాజన్–నాగేంద్రల పేరెత్తారో, ఇక అయిపోయిందే! ఉగ్గాని ప్లేటు చల్లారుతుంది, బజ్జీ మెత్తబడుతుంది, ఎక్కవలసిన ఆదోని బస్సు కళ్ళముందే వెళ్ళిపోతుంది. వాదన మాత్రం తెగదు.

ఏమిటా వాదన అంటారా? చాలా చిన్నది. ఈ మైసూరు అన్నదమ్ములు తెలుగులో చేసిన సినిమాలన్నిటిలోకీ పాటల పరంగా ఏది గొప్ప? అంతే! ఒక్క పాట చెప్పమంటే ఎవరైనా చెబుతారు. ఇక్కడ షరతు అది కాదు. రికార్డు రెండు వైపులా తిప్పినా ఎక్కడా ముల్లు ఎత్తాలని అనిపించని సినిమా ఏది? దానికి జవాబు చెప్పాలి. చెప్పి నిలబడాలి.

పాఠక మిత్రులారా, ఈ వారం మీ ముందు పెడుతున్నది ఆ పంచాయితీనే. ఇది 1984లో మొదలైంది. ఇంతవరకు తీర్పు రాలేదు. నా వంతు సాక్ష్యం నేను చెబుతాను. అందులో నా తప్పు కూడా ఒకటుంది. అదీ చెబుతాను.

ఏటికి ఈ గట్టు, ఆ గట్టు

ముందు మా ఊరి సంగతి తెలియాలి. కౌతాళానికి ఒక పక్క ఆదోని, ఒక పక్క ఎమ్మిగనూరు. ఇంకో దిక్కున తుంగభద్ర. ఏరు దాటితే కర్ణాటక. సిరుగుప్ప నుంచి కోడళ్ళు వస్తారు, ఇక్కడి ఆడపిల్లలు అటు వెళతారు. శ్రావణమాసంలో ఉరుకుంద ఈరన్నస్వామి దగ్గరికి రెండు రాష్ట్రాల జనమూ వచ్చి పడతారు. సంతలో బేరం తెలుగులో మొదలై కన్నడంలో తెగుతుంది.

రేడియో కూడా అంతే. ముల్లు ఇటు తిప్పితే కడప, అటు తిప్పితే ధారవాడ, ఇంకా తిప్పితే సిలోన్. ఒకే రోజు పొద్దున కన్నడంలో విన్న బాణీ సాయంత్రం తెలుగులో వినిపిస్తే మాకు ఆశ్చర్యం ఉండేది కాదు. గొడవ మాత్రం ఉండేది. "ఇది మొదట ఎవరిది?" అని.

రాజన్–నాగేంద్రలు సరిగ్గా ఇలాంటి ఊళ్ళ కోసమే పుట్టినట్టుంటారు. అన్న రాజన్ వయొలిన్, తమ్ముడు నాగేంద్ర జలతరంగం. తండ్రి రాజప్ప కూడా వాద్యకారుడే, మూకీ చిత్రాల రోజుల్లో తెర పక్కన కూర్చుని వాయించినవాడు. వీళ్ళను సినిమాల్లోకి తెచ్చింది ఎవరనుకున్నారు? మన జానపద బ్రహ్మ విఠలాచార్య! 1950లలో, కన్నడ చిత్రం 'సౌభాగ్యలక్ష్మి'తో. తర్వాత ఆయనే తెలుగులో 'నవగ్రహ పూజామహిమ', 'అగ్గిపిడుగు' ఇచ్చారు. రెండూ 1964వే. కత్తియుద్ధం మధ్యలో కూడా ఒక తియ్యని యుగళగీతం పెట్టగల మొనగాళ్ళని జనానికి అప్పుడే తెలిసింది.

కాని మా తరానికి వాళ్ళు అందింది 1975 తర్వాత. మా పంచాయితీలో అభ్యర్థులు కూడా అక్కడి నుంచే మొదలు: 'పూజ' (1975), 'పంతులమ్మ' (1977), 'సొమ్మొకడిది సోకొకడిది', 'ఇంటింటి రామాయణం' (రెండూ 1979), 'నాగమల్లి' (1980), 'మూడుముళ్ళు' (1983). 'రెండు రెళ్ళు ఆరు' అప్పటికి రాలేదు, అది 1986. 'ప్రేమఖైదీ' ఇంకా తర్వాత, 1990.

మొదటి పార్టీ: 'పూజ'

బస్టాండు దగ్గరి హోటల్లో మూలబల్ల మాది. ఆ బల్లకు పెద్ద ఒక అన్న. ఆదోనిలో పత్తి మిల్లు గుమాస్తా. పొద్దున వెళ్ళి రాత్రి వచ్చేవాడు, చొక్కా మీద పత్తి పోగులుండేవి. ఆయన ఓటు 'పూజ'కి. ఆయన చెప్పేది ఇది: "దాశరథి మాట, బాలు–వాణీ జయరాం గొంతు. అందులో ఆ యుగళగీతం చాలప్పా. పెండ్లి పత్రికలో అచ్చెయ్యల్ల దాన్ని."

అన్న వాదనలో బలం ఉంది. 'పూజ' పాటల్లో తొందర లేదు. పల్లవి మెల్లగా వచ్చి కూర్చుంటుంది. చరణం అయ్యాక మళ్ళీ పల్లవికి వచ్చే దారి ఎంత సహజంగా ఉంటుందంటే, పొలం నుంచి ఇంటికి నడిచి వచ్చినట్టుంటుంది. పెళ్ళి బ్యాండు వాళ్ళు ఆ యుగళగీతాన్ని ఎన్ని ఊళ్ళలో ఎన్నిసార్లు వాయించి ఉంటారో లెక్క కట్టడం ఎవరి తరమూ కాదు.

కాని 'పూజ' పేరు రాగానే ఎదురు బెంచీ నుంచి నవ్వు వినబడేది. సిరుగుప్ప నుంచి మా ఊరికి అల్లుడుగా వచ్చిన బావ అది. నలుగురికీ బావే. "అది మాది కదప్పా! 'ఎరడు కనసు' 1974లోనే వచ్చింది. రాజ్‌కుమార్ సినిమా. మీరు మా అన్నం వేడి చేసుకుని తిని, వంట మాదంటారు" అనేవాడు.

నిజమే. 'పూజ' ఆ కన్నడ చిత్రానికి తెలుగు రూపం. బాణీలు కూడా అక్కడివే. అన్నకు అప్పుడు నోరు పడిపోయేది.

రెండో పార్టీ: 'పంతులమ్మ'

అక్కడ లేచేవాణ్ణి నేను. అప్పుడు ఆదోని కాలేజీలో చదువుతున్నాను. చదివిన దానికన్నా ఎక్కువ తెలుసునన్న పొగరు ఉన్న వయసు. నా ఓటు 'పంతులమ్మ'కి. సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వం, లక్ష్మి, రంగనాథ్. పాటలు వేటూరి. ఆ సినిమాలోని పాటకే ఆయనకు నంది బహుమతి వచ్చింది. బాలు ఒక్కడే పాడిన ప్రేమగీతం ఒకటి, బాలు–సుశీల కలిసి పాడిన వీణపాట ఒకటి. ఆ రెండూ తూకం వేస్తే త్రాసు కదలదు.

బావకు నేనిచ్చిన దెబ్బ కూడా ఆ వీణపాటతోనే. కన్నడంలో 'హొంబిసిలు' చిత్రంలో అదే బాణీ ఉంది, అదీ బాలు గొంతులోనే. కాని 'హొంబిసిలు' ఏ ఏడాది? 1978. 'పంతులమ్మ' 1977!

"బావా, ఈసారి వంట మాది. వేడి చేసుకున్నది మీరు!"

హోటలంతా నవ్వింది. బావ కూడా నవ్వాడు, పెద్దమనిషి. ఆ సాయంత్రం టీ డబ్బులు కూడా ఆయనే ఇచ్చాడు. పత్తి మిల్లు అన్న మాత్రం నిదానంగా ఒక మాట అన్నాడు. అది నాకు ఇప్పటికీ గుర్తుంది.

"ఎవని వంట రా? 'ఎరడు కనసు'లో రాజ్‌కుమార్‌కి పాడింది పి.బి. శ్రీనివాస్. ఆయన మన కాకినాడాయన. మీ 'పంతులమ్మ'కి బాణీ కట్టినోళ్ళు మైసూరోళ్ళు. 'ఎరడు కనసు'లో ఆయనతో కలిసి పాడిన వాణీ జయరామే 'పూజ'లోనూ పాడె. ఆమెది రాయవేలూరు. పొయ్యి ఎవరిదో, కట్టెలెవరివో ఎట్ల తేల్చేది?"

ఆ ప్రశ్నతో ఆ గొడవ అక్కడికి ముగిసింది. అసలు గొడవ అప్పుడు మొదలైంది.

మూడో పార్టీ: ఒకే ఒక్క ఓటు

మా బల్ల చివర ఒకడు కూర్చునేవాడు. నా ఈడువాడే. అయిదో తరగతి దాకా ఒకే పలక మీద రాసుకున్నాం. తర్వాత నేను బడికి పోయాను, వాడు పనికి పోయాడు. కాలువ నీళ్ళు అందిన పొలాల వాళ్ళు ఊళ్ళో ఉంటారు. అందనివాళ్ళు వాన మొహం చాటేస్తే మూట కట్టుకుని సుగ్గికి పోతారు. సుగ్గి అంటే మా వైపు వలస. గుంటూరు వైపు మిరపకాయ కోతకు, పత్తి తీతకు. ఇంటిల్లిపాదీ వెళతారు, గొళ్ళెం పెట్టిన తలుపుల ముందు ముసలివాళ్ళు మిగులుతారు. వాడు ఏటా వెళ్ళేవాడు.

వాడి ఓటు 'ఇంటింటి రామాయణం'. ఎందుకురా అంటే చెప్పడం వచ్చేది కాదు. చివరికి ఒకరోజు ఇలా చెప్పాడు: "మీరు పాట వింటారు. నేను పాడుకుంటా. వయొలిన్లు, తబలాలు తీసేయ్. వట్టి నోటితో పాడు. అప్పుడు నిలబడితేనే పాట. ఆ బాలు పాట, మల్లెల పాట, మిరప చేను సాలు ఈ కొస నుంచి ఆ కొస దాకా పోయేసరికి సరిగ్గా ఒక చరణం అయితాది. ఊపిరి ఆడతాది. మీ వీణపాట పాడితే సగం సాలుకే దమ్ము పోతాది."

నిజానికి ఆ రోజు మా బల్ల మీద పడిన అన్ని మాటల్లోకీ సంగీతం గురించి చెప్పిన మాట అదొక్కటే. మిగిలినవాళ్ళం తేదీలు చెప్పాం, అవార్డులు చెప్పాం, అట్ట మీద ఉన్నవి చదివాం. రాజన్–నాగేంద్రల అసలు గుట్టు వాడు పట్టాడు. వాళ్ళ బాణీ వాద్యాల మీద ఆనుకుని నిలబడదు, గొంతు మీద నిలబడుతుంది. హార్మోనియం పెట్టె ఒక్కటి ఉన్నా, అదీ లేకపోయినా పాట పాటలాగే ఉంటుంది. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో బాణీలోనే చోటు ఉంటుంది.

ఈ సంగతి ఇవాళ రాస్తున్నాను. ఆ రోజు ఏమన్నానో తెలుసా?

"మిరపకాయలు కోసేవాడికి పాటల గురించి ఏం తెలుస్తాదిరా!"

హోటల్లో ఎవరూ నవ్వలేదు. వాడు టీ గ్లాసు పక్కన పెట్టి, "అవులే" అన్నాడు. అంతే.

అరవై నిమిషాల కేసెట్టు

ఆ నెలలోనే వాడు సుగ్గికి బయలుదేరుతున్నాడు. అంతకుముందే అందరం కలిసి అనుకున్న మాట ఒకటుంది. తలా ఇంత వేసుకుని వాడికి ఒక కేసెట్టు చేయించి ఇవ్వాలని. వాళ్ళ మేస్త్రి దగ్గర సెల్లులతో నడిచే టేప్‌రికార్డరు ఉందట. రాత్రి గుడిసెల దగ్గర వినవచ్చు. పైగా మా పంచాయితీకి కూడా అదే తీర్పు అవుతుంది: అరవై నిమిషాల కేసెట్టులో ఎవరి సినిమాకి ఎన్ని పాటలు దక్కితే వాళ్ళు గెలిచినట్టు!

ఆ రోజుల్లో కేసెట్టు చేయించడం ఎలా ఉండేదో ఇప్పటి కుర్రకారుకు చెప్పాలి. ఖాళీ కేసెట్టు కొని, కాగితం మీద పాటల పట్టిక రాసి రికార్డింగు షాపులో ఇవ్వాలి. నాలుగు రోజుల తర్వాత రమ్మంటారు. వైపుకు ముప్ఫై నిమిషాలు. పాట నాలుగు, నాలుగున్నర నిమిషాలు. అంటే వైపుకు ఆరు పాటలు సుఖంగా పడతాయి. ఏడోది పడితే పడుతుంది, లేకపోతే మధ్యలో టేపు అయిపోతుంది.

ఆదోని వెళ్ళేవాణ్ణి నేను కాబట్టి పట్టిక రాసే పని నాకు వచ్చింది. అన్న కోసం 'పూజ' పాటలు మూడు రాశాను. బావ కోసం కన్నడ పాటలు రెండు. 'మూడుముళ్ళు', 'సొమ్మొకడిది సోకొకడిది', 'నాగమల్లి' కొంచెం కొంచెం. 'పంతులమ్మ' మాత్రం నాలుగు, అవీ మొదటి వైపు మొదట్లోనే! వాడు అడిగింది ఒక్కటే పాట. "అది మొదట పెట్టల్లప్పా" అని కూడా అన్నాడు. నేను దాన్ని రెండో వైపు చిట్టచివర రాశాను, ఏడో పాటగా.

మరిచిపోయి రాశానని చెప్పుకోవచ్చు. అబద్ధం. తెలిసే రాశాను.

కేసెట్టు వచ్చింది. వినే తీరిక లేక నేరుగా వాడి చేతిలో పెట్టాను. ఇంకేమీ మాట్లాడుకోలేదు. తెల్లవారుజామున లారీ వచ్చింది. వంటపాత్రలు, గోనెసంచులు, పిల్లలు, ఒక మేక. వాడు పైనెక్కి కూర్చున్నాడు. కేసెట్టు జేబులో పెట్టుకున్నాడు. చెయ్యి ఊపలేదు.

సగం పాట

ఉగాదికి తిరిగొచ్చారు. ముఖం నల్లబడింది, వేళ్ళ కొసలు మిరప ఘాటుకు పొలుసులు లేచాయి. హోటలుకు వచ్చి మూలబల్ల దగ్గర కూర్చున్నాడు. జేబులోంచి కేసెట్టు తీసి బల్ల మీద పెట్టాడు.

"నా పాట సగమే వచ్చింది రా" అన్నాడు.

మొదటి చరణం అయ్యాక, పల్లవి మధ్యలో టేపు ఆగిపోయిందట. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఇంకేదో అంటాడనుకున్నాను. అనలేదు. బజ్జీ తుంచుకుంటూ మామూలుగా చెప్పుకుపోయాడు.

"మొదటి రాత్రి ఆగిపోతానే అందరూ అరిచిరి. ఏం చేయల్ల? నాకు వచ్చు గదా, మిగతా సగం నేనే పాడితిని. మరుసటి రాత్రీ అంతే. మూడో రాత్రికి మా చిన్నమ్మ పాడె, పిల్లోళ్ళు పాడిరి. ఇంక దినమూ అదే. మొదటి వైపు ఎవరూ వెయ్యనిచ్చేది లేదు. 'రెండో వైపు కడాకు తిప్పు' అనేది. టేపు ఆగేదానికోసరం కాచుకుని కూర్చునేది అందరూ. ఆగినాక మేం ఎత్తుకునేది. పక్క గుడిసెల్లో కోసిగోళ్ళు కూడా వచ్చేది."

పత్తి మిల్లు అన్న ప్లేటు పక్కకు జరిపాడు. "అయితే పంచాయితీ తేలిపాయె" అన్నాడు. బావ తల ఊపాడు.

నేను మాత్రం ఒప్పుకోలేదు! "అది సినిమా గొప్ప కాదు, ఒక్క పాట గొప్ప. షరతు సినిమా మొత్తానికి కదా" అన్నాను. చూశారా, పొగరు అంత తొందరగా పోదు. వాడు నవ్వి, "సరే లేప్పా, నీ పంతులమ్మనే గెలిచింది. టీ చెప్పు" అన్నాడు. నేను క్షమించమని అడగవలసింది. టీ చెప్పాను.

పదహారు రోజులు

ఆ తర్వాత ఎవరి దారి వారిది. కేసెట్లు పోయాయి, సీడీలు వచ్చి పోయాయి. 2000లో నాగేంద్ర పోయారు. జంట పేరులో ఒక పేరు తగ్గింది. 2010లో వేటూరి.

2020 వచ్చింది. కరోనా రోజులు. సెప్టెంబరు 25న బాలు. ఆ దుఃఖం తగ్గకముందే, అక్టోబరు 11న రాజన్. మధ్యలో పదహారు రోజులు. బాణీ కట్టినవాడూ, పాడినవాడూ అంత దగ్గరగా వెళ్ళిపోయారు. టీవీలన్నీ బాలు పాటలే వేస్తున్నాయి, రాజన్ గురించి మాత్రం తెలుగులో చెప్పినవాళ్ళు తక్కువ.

ఆ రాత్రి ఫోను మోగింది. వాడే. ఇప్పుడు సుగ్గికి వాడు వెళ్ళడం లేదు, కొడుకు వెళుతున్నాడు. "విన్నావా?" అన్నాడు. విన్నానన్నాను. కొంచెంసేపు ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత వాడు అడిగాడు: "ఇప్పుడన్నా ఒప్పుకుంటావా?"

ముప్ఫై ఆరేళ్ళు బాకీ ఉన్న మాట అప్పుడు చెప్పాను. ఆ రోజు నేనన్న మాట తప్పని. పట్టికలో వాడి పాటను చివర రాసింది తెలిసేనని.

"అది నాకు అప్పుడే తెలుసులే" అన్నాడు వాడు. "నీ చేతిరాతే కదా అట్ట మీద ఉండేది. అడిగింది అది కాదు. 'ఇంటింటి రామాయణం' అని ఒప్పుకుంటావా లేదా?"

పాఠక మిత్రులారా, ఇక నా తీర్పు చెప్పాలి కదా. సినిమా మొత్తం లెక్కన, ముల్లు ఎత్తకుండా వినే లెక్కన, నా ఓటు ఇప్పటికీ 'పంతులమ్మ'కే. స్నేహం కోసం ఓటు మార్చితే వాడే ఒప్పుకోడు. వాడితో కూడా అదే చెప్పాను. "ఛీ, నీవు మారవు పో" అని సంతోషంగా ఫోను పెట్టేశాడు.

కాని ఒక్క సవరణ. ఏది గొప్పదో తేల్చడానికి ఇన్నాళ్ళూ నేను చెప్పిన సంవత్సరాలూ, అవార్డులూ పక్కన పెట్టండి. మీకిష్టమైన సినిమా తీసుకోండి, రాజన్–నాగేంద్రలదే కానక్కర్లేదు. అందులో ఒక పాట సగంలో ఆపేయండి. మిగతా సగం మీ ఇంట్లోవాళ్ళు ఎత్తుకుంటారా? అలా ఎత్తుకునే పాటలు ఆ సినిమాలో ఎన్ని? ఆ లెక్క వేసి చెప్పండి.

ఓటు ఒక్కటే. సినిమా పేరు, కారణం, రెండు వాక్యాలు చాలు. అవార్డుల పట్టిక రాయకండి, అది నా దగ్గర ఉంది. 'పూజ' వాళ్ళు 'ఎరడు కనసు' సంగతి ముందే ఒప్పుకుని రాయాలి. కన్నడ బావలకూ ఓటు ఉంది.

వచ్చే వారం మళ్ళీ కలుద్దాం. అంతవరకు... టేపు ఆగినా పాట ఆపకండి!